సరోగసీ ద్వారా బిడ్డను పొందాలంటే: వరంగల్ వైపు దంపతులు ఏ పని తరువాత ఏ పని చేసుకోవాలి

పత్రికలు రాసే, ఇరుగుపొరుగు వారు అనే ‘అద్దె గర్భం’ అన్న మాటను సరోగసీకి, అంటే మరో స్త్రీ గర్భంలో మీ బిడ్డను మోయించుకునే పనికి, పూనుకునే ముందే మీ ఇంట్లో వాడటం మానేయండి. ఇప్పుడు అద్దె ఇవ్వడమే నేరం. 2021లో పార్లమెంటు చేసిన సరోగసీ నియంత్రణ చట్టం 2022 జనవరి 25 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం బిడ్డను మోసే స్త్రీకి వైద్య ఖర్చులు, బీమా, నిబంధనలు అనుమతించిన ఇతర ఖర్చులు తప్ప ఫీజు గానీ, ప్రతిఫలం గానీ, బహుమతి పేరుతో మరే రూపంలో గానీ డబ్బు ఇవ్వకూడదు. డబ్బు ఆశ చూపి సరోగసీ చేయించుకున్న దంపతులకు మొదటి తప్పుకే ఐదేళ్ల వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అది బెయిలు హక్కుగా దొరికే కేసు కూడా కాదు.

హనుమకొండ కోర్టు దగ్గర ఇటువంటి దరఖాస్తులు రాసే పనిలో ఉన్నవాడిగా నేను చూసినంతలో, దంపతులు దెబ్బతినేది ఎక్కువగా వరుస తప్పడం వల్లనే. పిండాలు సిద్ధమయ్యాక కాగితాల కోసం పరుగెత్తేవారికి నెలలు గడిచిపోతాయి, వయసు పరిమితి దాటిపోతుంది, ఒప్పుకున్న స్త్రీ వెనక్కి తగ్గుతుంది. కాగితం ముందు, పిండం తరువాత అన్నదే ఈ మొత్తం పనికి సూత్రం.

ముందుగా మీరు అర్హులో కాదో చూసుకోండి

చట్టం ప్రకారం పెళ్లయిన భారతీయ దంపతులు అర్హులు. అర్హతా ధ్రువపత్రం ఇచ్చే రోజున భార్య వయసు 23 నుంచి 50 ఏళ్ల మధ్య, భర్త వయసు 26 నుంచి 55 ఏళ్ల మధ్య ఉండాలి. కన్న బిడ్డ గానీ, దత్తత తీసుకున్న బిడ్డ గానీ, సరోగసీ ద్వారా పుట్టిన బిడ్డ గానీ జీవించి ఉండకూడదు. అయితే ఉన్న బిడ్డకు మానసిక లేదా శారీరక వైకల్యం ఉన్నా, శాశ్వతంగా నయంకాని ప్రాణాంతక వ్యాధి ఉన్నా, జిల్లా మెడికల్ బోర్డు ధ్రువీకరణతో అధికారులు మినహాయింపు ఇస్తారు. భర్తను కోల్పోయిన స్త్రీ గానీ, విడాకులు పొందిన స్త్రీ గానీ 35 నుంచి 45 ఏళ్ల లోపు ఒంటరిగా దరఖాస్తు చేసుకోవచ్చు. పెళ్లి కాని స్త్రీకి, ఒంటరి పురుషుడికి, సహజీవనంలో ఉన్న జంటకు ఈ చట్టంలో చోటు లేదు. అది న్యాయమా కాదా అన్న వాదనలు కోర్టుల్లో నడుస్తున్నాయి, కానీ మీ దరఖాస్తు ఇవాళ ఉన్న నిబంధనతోనే నడవాలి.

చట్టం రాకముందే పిండాలను నిల్వ చేసుకుని, ఆ తరువాత వయసు దాటిపోయిన దంపతులు మాత్రం నిరాశ పడనక్కరలేదు. వారికి ఈ వయసు పరిమితిని వెనక్కి వెళ్లి వర్తింపజేయరాదని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో తీర్పు ఇచ్చింది. అటువంటి వారు పిండాలను ఏ తేదీన నిల్వ చేశారో క్లినిక్ నుంచి రాతపూర్వకంగా తీసుకుని న్యాయవాదిని కలవాలి.

వైద్య కారణాన్ని కాగితం మీదికి తేవడం

బిడ్డలు కలగలేదన్న ఒక్క మాటతో సరోగసీకి అనుమతి రాదు. కారణాలేమిటో 2022 జూన్‌లో వచ్చిన నిబంధనలు చెప్పాయి. పుట్టుకతోనే గర్భసంచి లేకపోవడం, అది చాలా చిన్నదిగా లేదా వికృతంగా ఉండటం, క్యాన్సర్ వంటి జబ్బుల వల్ల దానిని తీసివేయడం, ఐవీఎఫ్ (ఒంటి బయట పిండాన్ని తయారుచేసి గర్భసంచిలో పెట్టే చికిత్స) పలుమార్లు చేసినా గర్భం నిలవకపోవడం, కారణం తెలియకుండా మళ్లీ మళ్లీ గర్భస్రావాలు కావడం, గర్భం మోస్తే ప్రాణానికే ముప్పు తెచ్చే జబ్బు ఉండటం అందులో ఉన్నాయి. గుండె కవాటాల జబ్బు ముదిరిన స్త్రీకి, కిడ్నీ మార్పిడి అయిన స్త్రీకి ఈ చివరి కారణం వర్తించే అవకాశం ఉంటుంది. అది తేల్చవలసింది ఆ జబ్బుకు చికిత్స చేస్తున్న వైద్యుడు, మెడికల్ బోర్డు.

మీ కారణం ఏదైనా, దానికి పాత కాగితాలు కావాలి. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక జంట నాకు ఇప్పటికీ గుర్తు. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు, రక్తస్రావం ఆగక భార్యకు గర్భసంచి తీసేశారు. ఆమె తన చీర కొంగు ముడిలో నుంచి నాలుగు మడతలు పెట్టిన ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టింది. అది ఆ నర్సింగ్ హోమ్ ఇచ్చిన మందుల చీటీ, అందులో ఆపరేషన్ మాటే లేదు. డిశ్చార్జి కాగితం అడిగితే పాత రికార్డులు లేవన్నారట. చివరికి కొత్తగా అల్ట్రాసౌండ్ స్కాన్ తీయించి, గర్భసంచి లేదని రేడియాలజిస్టు రాసి ఇచ్చాక పని ముందుకు కదిలింది. మీ దగ్గర ఆపరేషన్ నోట్, డిశ్చార్జి కాగితం, తీసిన భాగానికి చేసిన పరీక్ష రిపోర్టు ఉంటే సరే, లేకపోతే ఇటువంటి స్కాన్ ముందే తీయించి పెట్టుకోండి. ఐవీఎఫ్ విఫలమైన వారు ఒక్కొక్క ప్రయత్నానికి ఎన్ని పిండాలు పెట్టారు, ఏ తేదీన పెట్టారు, గర్భం నిలిచిందో లేదో తేల్చే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్షలో ఏమి వచ్చింది అన్న సారాంశాన్ని క్లినిక్ లెటర్‌హెడ్ మీద తీసుకోవాలి.

గుర్తింపు పత్రాల సంగతి మన దగ్గర కొంచెం ప్రత్యేకం. 2016లో ఉమ్మడి వరంగల్ జిల్లాను ముక్కలు చేశారు. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్‌ను హనుమకొండ జిల్లాగా, వరంగల్ రూరల్‌ను వరంగల్ జిల్లాగా పేరు మార్చారు. అందువల్ల ఒకే ఇంట్లో భర్త ఆధార్‌లో ‘వరంగల్ అర్బన్’ అని, భార్య ఆధార్‌లో ‘వరంగల్’ అని ఉండటం మామూలే. మీరు ఏ జిల్లా బోర్డు ముందుకు వెళ్లాలన్నది ఆ చిరునామా మీదనే ఆధారపడుతుంది కాబట్టి ముందు దానిని సరిచేయించండి. పెళ్లికి పత్రిక, ఫోటోలు తప్ప మరే ఆధారమూ లేని దంపతులు వివాహ నమోదు చేయించుకోవాలి. భార్య ఇంటిపేరు పదో తరగతి మెమోలో పుట్టింటిది, ఆధార్‌లో అత్తింటిది ఉంటే రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ రాయించి ఫైలులో పెట్టుకోండి.

క్లినిక్‌ను ఎంచుకునేటప్పుడు

ఐవీఎఫ్ చేసే ప్రతి సంతాన సాఫల్య కేంద్రానికీ సరోగసీ చేసే అధికారం ఉండదు. ఐవీఎఫ్‌కు ఒక చట్టం, సరోగసీకి మరొక చట్టం, రెండింటికీ వేర్వేరు రిజిస్ట్రేషన్లు. సరోగసీ క్లినిక్ రిజిస్ట్రేషన్ మూడేళ్లు చెల్లుతుంది, దానిని అందరికీ కనిపించేచోట గోడకు తగిలించాలని చట్టమే చెబుతోంది. లోపలికి వెళ్లగానే రిసెప్షన్ పక్కన ఉన్న ఆ పత్రంలో ‘సరోగసీ’ అన్న మాట ఉందో లేదో, గడువు తేదీ దాటిందో లేదో నిలబడి చదవండి. కేంద్ర ప్రభుత్వం నడిపే జాతీయ ఏఆర్‌టీ (ఐవీఎఫ్ వంటి సంతాన చికిత్సలు), సరోగసీ రిజిస్ట్రీ వెబ్‌సైటులో కూడా రిజిస్టరైన క్లినిక్‌ల పేర్లు చూసుకోవచ్చు.

‘మనిషిని మేమే చూస్తాం, మీరు డబ్బు కట్టి తొమ్మిది నెలల తరువాత వచ్చి బిడ్డను తీసుకుపోండి’ అని ఎవరైనా ప్యాకేజీ చెబితే అక్కడినుంచి లేచి వచ్చేయండి. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో బయటపడిన కేసులో, సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డేనని ఒక జంటకు అప్పగించిన శిశువుకూ ఆ జంటకూ జన్యు సంబంధమే లేదని డీఎన్‌ఏ పరీక్షలో తేలింది. చట్టం చెప్పిన వరుసను అనుసరిస్తే ఇటువంటి మోసానికి చాలావరకు దారి మూసుకుపోతుంది. ఎందుకంటే బిడ్డను మోసే స్త్రీ మీతో పాటు కోర్టు దరఖాస్తు మీద సంతకం చేయాలి, అంటే ఆమె ఎవరో పిండం పెట్టకముందే మీకు తెలిసి తీరుతుంది. అయినా పుట్టిన తరువాత డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటామని మొదటి రోజే క్లినిక్‌కు చెప్పండి. సరైన క్లినిక్ దానికి నొచ్చుకోదు.

బిడ్డను మోసే తల్లి

ఈ చట్టం బిల్లుగా ఉన్నప్పుడు సరోగేట్ తల్లి దగ్గరి బంధువే కావాలన్న షరతు ఉండేది. తుది చట్టంలో దానిని తీసివేసి, ఇష్టపడి ముందుకు వచ్చే స్త్రీ అయితే చాలన్నారు. అయితే డబ్బు ఇవ్వకూడదు కాబట్టి ఆచరణలో ముందుకు వచ్చేది ఎక్కువగా వదినో, మరదలో, తోడికోడలో, చిన్ననాటి స్నేహితురాలో అవుతుంది. ఆమెకు పెళ్లయి ఉండాలి, సొంత బిడ్డ ఉండాలి, పిండం పెట్టే రోజున వయసు 25 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారి మాత్రమే ఆమె సరోగేట్ తల్లి కావచ్చు, ఆ ఒక్కసారికి మూడు ప్రయత్నాలకు మించి చేయకూడదు. ఆమె అండాన్ని వాడకూడదు. శారీరకంగా, మానసికంగా ఆమె ఇందుకు తగినదని వైద్యుడు ధ్రువీకరించాలి.

వయసు లెక్క పిండం పెట్టే రోజుకు అని చెప్పినది మరిచిపోకండి. 34 ఏళ్లు నిండిన వదినమ్మను నమ్ముకుని మీరు కాగితాలు మొదలుపెడితే, అనుమతులు చేతికి వచ్చేసరికి ఆమె వయసు దాటిపోవచ్చు. మన ఊళ్లలో చాలామంది ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటుంది, బడి రికార్డులో మరో తేదీ ఉంటుంది. రెండూ తెప్పించి చూసి, తేడా ఉంటే దరఖాస్తుకు ముందే సవరించండి.

ఇక ఆమె సమ్మతి. ఆమెకు వచ్చిన భాషలో, అంటే తెలుగులో, ప్రమాదాలన్నీ చెప్పి రాతపూర్వక సమ్మతి తీసుకోవాలని చట్టం అంటుంది. పిండం పెట్టక ముందు ఏ క్షణంలోనైనా ఆమె వెనక్కి తగ్గవచ్చు. కుటుంబంలో ఇది కాగితమంత తేలిక కాదు. నలుగురు కూర్చున్న చోట అత్తమ్మ ‘నువ్వే చెయ్యాలె బిడ్డా, మన ఇంటి పేరు నిలబెట్టాలె’ అంటే కోడలు కాదని ఎట్లా అనగలుగుతుంది? ఆమె బలవంతంగా ఒప్పుకున్నట్లు తేలితే చట్టం ముందుగా అనుమానించేది ఆమె భర్తను, మిమ్మల్ని, బంధువులను. కాబట్టి మీరు లేకుండా, ఆమె అత్తమామలు లేకుండా, ఆమెను డాక్టరుతోనో, కౌన్సెలర్‌తోనో ఒక పూట విడిగా మాట్లాడనివ్వండి. ఇంటికి వెళ్లి వారం తరువాత చెప్పమనండి. వారం తరువాత మౌనంగా ఉంటే దానిని ఒప్పుకోలుగా తీసుకోకండి.

మూడు కాగితాలు: బోర్డు, కోర్టు, బీమా

సరోగసీ మీకు అవసరమని అధికారులు ఇచ్చే ‘ఆవశ్యకతా ధ్రువపత్రం’ అన్నదే ఈ ప్రయాణంలో అసలు తాళంచెవి, దానికి మూడు పత్రాలు జత కావాలి. ఫారాలను సాధారణంగా క్లినిక్ వారే సిద్ధం చేసి ఇస్తారు, కానీ తప్పులు దిద్దుకోవలసింది మీరే.

మొదటిది జిల్లా మెడికల్ బోర్డు ఇచ్చే వైద్య ధ్రువపత్రం. జిల్లా వైద్య శాఖ ఉన్నతాధికారి అధ్యక్షతన, కనీసం ఒక స్త్రీవైద్య నిపుణుడు, ఒక పిల్లల వైద్య నిపుణుడు అందులో ఉంటారు. బోర్డు ఎప్పుడు కూర్చుంటుందో జిల్లా వైద్య ఆరోగ్య అధికారి, అంటే డీఎంహెచ్‌ఓ కార్యాలయంలో ముందే కనుక్కుని వెళ్లండి, ఒరిజినల్ రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు తప్పకుండా తీసుకెళ్లండి. దాత అండం గానీ, దాత వీర్యం గానీ అవసరమైతే అది కూడా ఇక్కడే తేలాలి. 2023 మార్చిలో దాతల కణాలను పూర్తిగా నిషేధించారు. 2024 ఫిబ్రవరిలో ఆ నిబంధనను సవరించి, భార్యాభర్తల్లో ఒకరికి వైద్య సమస్య ఉందని బోర్డు ధ్రువీకరిస్తే రెండవ వారి కణంతో పాటు దాత కణాన్ని వాడుకోవచ్చన్నారు. ఇద్దరివీ దాతలవే అయితే కుదరదు. ఒంటరి స్త్రీ మాత్రం తన సొంత అండాన్నే వాడాలి.

రెండవది బిడ్డ తల్లిదండ్రులెవరు, సంరక్షణ ఎవరిది అన్న విషయంలో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ లేదా అంతకు పై కోర్టు ఇచ్చే ఉత్తర్వు. దరఖాస్తు మీరిద్దరూ, సరోగేట్ తల్లి కలిసి వేయాలి. బిడ్డ పుట్టిన తరువాత ఈ ఉత్తర్వే జనన అఫిడవిట్‌గా చెల్లుతుంది కాబట్టి ఇందులో పేర్ల అక్షరాలు ఆధార్‌తో పోలి ఉండాలి. ఒక ‘య్య’, ఒక ‘రావు’ తేడా వస్తే తరువాత జనన ధ్రువపత్రంలో, ఆపై పాస్‌పోర్టులో వెంటాడుతుంది. గల్ఫ్‌లో పనిచేసే భర్త ఉన్నవారు అతని సెలవు రోజులకు తగినట్లు బోర్డు, కోర్టు తేదీలు రెండింటికీ ఏర్పాటు చేసుకోవాలి. ఉత్తర్వు వచ్చాక సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు తీసుకోండి.

మూడవది సరోగేట్ తల్లి పేరిట 36 నెలల ఆరోగ్య బీమా. గర్భధారణలో వచ్చే చిక్కులు, కాన్పు తరువాతి చిక్కులు రెండూ అందులో ఉండాలి. మామూలు ఫ్యామిలీ పాలసీని చూపించి సరిపెట్టే ఏజెంట్లుంటారు. పాలసీ పత్రంలో ఆమె పేరు, 36 నెలల గడువు, కాన్పు చిక్కులకు వర్తింపు ఉన్నాయా అని చదివిన తరువాతే ప్రీమియం కట్టండి. దీనికి తోడుగా ఆమెకు కలిగే నష్టానికి మీరు బాధ్యత వహిస్తామని అఫిడవిట్ కూడా ఇవ్వాలి.

ఈ మూడింటితో ఆవశ్యకతా ధ్రువపత్రానికి, మీకూ ఆమెకూ విడివిడిగా అర్హతా ధ్రువపత్రాలకు చట్టం కింద నియమితులైన అధికారుల దగ్గర దరఖాస్తు చేస్తారు. తిరస్కరిస్తే, ఆ ఉత్తర్వు అందిన రోజు నుంచి 30 రోజుల లోపు ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు. కారణాన్ని రాతపూర్వకంగా ఇమ్మని అడగండి, నోటి మాట మీద అప్పీలు నడవదు.

ఆసుపత్రిలో జరిగేది

అండం ఇచ్చే భార్యకు పది పన్నెండు రోజుల పాటు రోజూ ఇంజెక్షన్లు ఇచ్చి, మత్తు ఇచ్చి అండాలను తీస్తారు. ఆ తరువాత కడుపు బాగా ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా, మూత్రం తగ్గినా రాత్రి అయినా సరే క్లినిక్‌కు ఫోన్ చేయాలి. క్లినిక్ హైదరాబాద్‌లో ఉన్నవారు అండాలు తీసిన రోజునే కాజీపేట రైలెక్కి రావాలని తొందరపడవద్దు, అక్కడే ఒకటి రెండు రోజులు ఉండండి.

సరోగేట్ తల్లికి హార్మోన్ మందులతో గర్భసంచి లోపలి పొరను సిద్ధం చేసి పిండాన్ని పెడతారు. నిబంధన ప్రకారం ఒకసారికి ఒకే పిండం, ప్రత్యేక పరిస్థితుల్లో మూడు వరకు. ‘కవలలైతే ఒకేసారి అయిపోతుంది’ అని మీరే రెండు పెట్టమని అడగవద్దు. నెలలు నిండకుండా కాన్పు, రక్తపోటు, ఆపరేషన్ ప్రమాదాలు పెరిగేది మీకు సాయం చేయడానికి వచ్చిన స్త్రీ ఒంట్లో. సుమారు రెండు వారాలకు బీటా హెచ్‌సీజీ పరీక్ష, ఆరేడు వారాలకు గుండె చప్పుడు చూసే స్కాన్, 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ అవయవాలను పరిశీలించే టిఫా స్కాన్ ఉంటాయి. ఆడో మగో చెప్పమని అడగడం సరోగసీలోనూ నేరమే. గర్భం తీసివేయవలసి వస్తే ఆమె రాతపూర్వక సమ్మతి, అధికారుల అనుమతి రెండూ కావాలి.

ఊరికి తెలియకూడదని సరోగేట్ తల్లిని మీ భార్య పేరుతో ఆసుపత్రిలో చేర్పించే పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో చేయవద్దు. కేస్ షీట్‌లో పేరు మారితే బీమా పనిచేయదు, రక్తం గ్రూపు దగ్గర ప్రాణాంతకమైన పొరపాటు జరగవచ్చు, కోర్టు ఉత్తర్వుకూ జనన రికార్డుకూ పొంతన కుదరదు. ఆశ కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు కూడా దాచకుండా గర్భిణిగా నమోదు చేయించి ఇనుము మాత్రలు, టీకాలు అందేటట్లు చూడండి.

బిడ్డ పుట్టాక

పుట్టిన క్షణం నుంచి ఆ బిడ్డ చట్టం దృష్టిలో మీ సొంత బిడ్డే, ఆస్తి హక్కుతో సహా అన్ని హక్కులూ ఉంటాయి, విడిగా దత్తత అవసరం లేదు. ఏ లోపంతో పుట్టినా వద్దనే హక్కు మీకు లేదు. కాన్పుకు వెళ్లేటప్పుడే సంచిలో కోర్టు ఉత్తర్వు కాపీ పెట్టుకుని, ఆసుపత్రిలో జనన వివరాలు నింపే వారికి చూపించండి. జనన నమోదు 21 రోజుల లోపు, పుట్టిన చోటనే జరగాలి. హైదరాబాద్‌లో పుడితే అక్కడ, వరంగల్ నగరంలో పుడితే గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌లో. ఇరవై ఒకటో నాటి తొట్టెలకు చుట్టాలను పిలిచే హడావుడిలో ఇది మరుగున పడకుండా, దానికంటే ముందే ముగించండి.

ఉద్యోగం చేసే తల్లికి, తన అండంతోనే బిడ్డ పుట్టినట్లయితే, ప్రసూతి ప్రయోజన చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కింద బిడ్డ చేతికి వచ్చిన రోజు నుంచి 12 వారాల సెలవు ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2024 సవరణతో తల్లికి 180 రోజులు, తండ్రికి 15 రోజులు వచ్చాయి.

సరోగేట్ తల్లిని కాన్పు అయిన ఆరు వారాలకు వైద్యుడి దగ్గరకు మీరే తీసుకువెళ్లండి. పాలు వచ్చి రొమ్ములు గడ్డకట్టడం, కుట్లు మానకపోవడం, ఊరికే ఏడుపు రావడం వంటివి ఆమె నోరు తెరిచి మీకు చెప్పకపోవచ్చు. బిడ్డ మీ ఇంట్లో ఉన్నా బీమా ఇంకా ఆమె పేరిట నడుస్తూనే ఉంటుంది కాబట్టి, ఆ పాలసీ పత్రాన్ని, ఏజెంటు ఫోన్ నంబరును మీ బీరువాలో దాచుకోకుండా ఆమె ఇంట్లో ఇచ్చి రండి.